కరిగిన ఐసు ఎవరి లెక్క?



పోయిన నెల మన సంఘం మీటింగులో ఒక అర్జీ చదివారు, గుర్తుండే ఉంటుంది. మనవాళ్ళ కుర్రవాడే, ఇరవై నాలుగేళ్ళుంటాయి. సైకిలు మీద ఐస్‌క్రీం అమ్ముకుంటానని, సైకిలుకూ పెట్టెకూ మొదటి సరుకుకూ కలిపి 35,000 రూపాయలు సంఘం నిధి నుంచి అప్పు ఇప్పించమని అడిగాడు. చదవడం అయ్యీ కాకముందే వెనక నుంచి నవ్వు వినబడింది. "మన పిల్లలందరూ కంప్యూటరు ముందు కూర్చుంటుంటే వీడు ఐసుబండి తొక్కుతాడా? దానికి సంఘం డబ్బా?" అన్నారొకరు. "నలుగురు చూస్తే మన పరువేం కావాలి" అన్నారు ఇంకొకరు. అర్జీని వచ్చే ఆదివారానికి వాయిదా వేశారు.

ఆ రోజు నేను ముందు వరసలోనే కూర్చున్నాను. నోరు తెరవలేదు. ఎందుకు తెరవలేదో ఈ వ్యాసంలోనే చెబుతాను, కానీ ముందు ఐసు చరిత్ర కొంచెం చెప్పనివ్వండి. అది తెలిస్తేనే ఆ అర్జీ విలువ తెలుస్తుంది. ఎప్పటిలాగే నా రాత పొడుగు. తమిళ మీడియంలో చదివినవాణ్ణి, తెలుగు అక్షరాలు నలభై దాటాక కూడబలుక్కుని నేర్చుకున్నవాణ్ణి. తప్పులుంటే దిద్దండి, సగంలో మాత్రం ఆపకండి.

నేను రైల్వేలో గుమాస్తాగా పని చేశాను. అందులో ఎక్కువ కాలం పార్సలు ఆఫీసులో గడిచింది. సరుకు బుక్ చేసేటప్పుడు రెండు రేట్లు ఉండేవి. ఒకటి రైల్వే రిస్కు, ఇంకొకటి ఓనర్స్ రిస్కు. రెండోది చవక. కానీ దారిలో సరుకు చెడితే, రైల్వేవాళ్ళ తప్పు వల్లే చెడిందని చూపించలేకపోతే, నష్టం సరుకుగలవాడిదే. చాలామంది చవక రేటు చూసి దానికే సంతకం పెట్టేవారు. రసీదు మీద రెండే రెండక్షరాలు, ఓ.ఆర్. అని. ఆ రెండక్షరాల అర్థం సరుకు చెడిన రోజున తెలిసొచ్చేది.

ఐసు వ్యాపారం చరిత్ర చదివినప్పుడల్లా నాకు ఆ రసీదే గుర్తుకొస్తుంది. ఐసు అమ్మేచోటు చేరేలోగా కొంత కరిగే తీరుతుంది. ఆ కరిగినది ఎవరి రిస్కు?

మన దేశంలో చల్లదనం కోసం తంటాలు పాతవే. అక్బరు ఆస్థానంలో సురేకారం కలిపిన నీళ్ళలో కూజాలు తిప్పి మంచినీళ్ళు చల్లబరిచేవారని అబుల్ ఫజల్ అయినీ అక్బరీలో రాశాడు. హిమాలయాల నుంచి మంచు కూడా తెప్పించేవారు. అదంతా పాదుషాల ముచ్చట. బజారులో డబ్బిచ్చి కొనుక్కునే సరుకుగా ఐసు దిగింది మాత్రం ఓడలోంచి.

1833 మే నెలలో అమెరికాలోని బోస్టన్ రేవు నుంచి టస్కనీ అనే ఓడ 180 టన్నుల ఐసుతో బయలుదేరింది. చలికాలంలో అక్కడి చెరువులు గడ్డకడితే, గుర్రాలు కట్టి నాగలిలాంటి పనిముట్టుతో గీతలు గీసి, దిమ్మెలుగా కోసి దాచిన ఐసు అది. నాలుగు నెలల ప్రయాణం, భూమధ్యరేఖను రెండుసార్లు దాటాలి. సెప్టెంబరులో కలకత్తా చేరేసరికి సుమారు 100 టన్నులు మిగిలింది. 80 టన్నులు దారిలోనే నీళ్ళయిపోయాయి. అంటే నూటికి 44 వంతులు.

పంపినవాడి పేరు ఫ్రెడరిక్ ట్యూడర్. అతని మొదటి ఐసు ఓడ 1806లో వెస్టిండీసులోని మార్టినిక్ ద్వీపానికి పోయింది. ఊళ్ళోవాళ్ళు నవ్వారు, వ్యాపారం నష్టపోయింది, తరువాత అప్పులు తీర్చలేక జైలుకు కూడా పోయాడు. అయినా పట్టు వదలలేదు. కలకత్తా సరుకు తరువాత తట్టుకుని నిలబడ్డాడు, పెద్ద ధనవంతుడయ్యాడు. నూటికి 44 కరిగితే లాభం ఎలా వచ్చింది? ఇక్కడ అమ్మేది అతనొక్కడే. కరిగిన 80 టన్నుల ధర మిగిలిన 100 టన్నుల మీద వేసుకోగలిగాడు. కొనే దొరలు కూడా ఇవ్వగలిగినవాళ్ళు. దీన్ని మనసులో పెట్టుకోండి, మళ్ళీ వస్తాను.

అతని ఐసు మద్రాసుకూ వచ్చింది. దాన్ని దాచడానికి 1842లో సముద్రపు ఒడ్డున గుండ్రని మేడ కట్టారు. అదే ఐస్ హౌస్. కలకత్తా, బొంబాయిలలో కట్టినవి పోయాయి, మద్రాసుది మాత్రం నిలిచింది. అమెరికాలో వాల్డెన్ చెరువు పక్కన గుడిసె వేసుకున్న థోరో అనే ఆయన, ఆ చెరువులో ఐసు కోయడం కళ్ళారా చూసి, తన చెరువు నీళ్ళు మద్రాసువాళ్ళు తాగుతారు కదా అని 1854లో వచ్చిన తన పుస్తకంలో తలచుకున్నాడు. ఐసు వ్యాపారం ఆగిపోయాక ఆ మేడ చేతులు మారింది. 1897లో అమెరికా, ఇంగ్లండు నుంచి తిరిగివచ్చిన వివేకానందస్వామి తొమ్మిది రోజులు అక్కడే దిగారు. అందుకే ఇప్పుడది వివేకానందర్ ఇల్లం. చెన్నైలో ఉన్న మన సభ్యులు ఆ దారిన ఎన్నిసార్లు పోయుంటారో. బస్సు కండక్టరు ఇవాళ్టికీ "ఐస్ హౌస్" అనే అరుస్తాడు.

ఓడలో అన్ని నెలలు ఐసు ఎలా నిలిచింది? ఐసు చల్లదనం ఇస్తుందంటాం గానీ, నిజానికి అది వేడిని మింగుతుంది. ఒక గ్రాము ఐసు కరగాలంటే 80 కేలరీల వేడి కావాలి. అంత వేడితో ఒక గ్రాము నీళ్ళను సున్నా డిగ్రీల నుంచి 80 డిగ్రీల దాకా కాచవచ్చు. అందుకని ఐసు అంత తొందరగా లొంగదు. పెద్ద దిమ్మె చిన్న ముక్కల కన్నా ఎక్కువ సేపు నిలుస్తుంది, గాలి తగిలే ఒళ్ళు తక్కువ కాబట్టి. చుట్టూ రంపపుపొట్టు దట్టిస్తే బయటి వేడి లోపలికి మెల్లగా పోతుంది. సైకిలు మీది ఐసుపెట్టెకు కూడా ఇవే సూత్రాలు. ఆ పెట్టెకు మూత పైన ఉంటుంది, పక్కన ఉండదు. ఎందుకో చూశారా? చల్లగాలి బరువు, కిందే కూర్చుంటుంది. పక్కన తలుపు పెడితే తెరిచినప్పుడల్లా అదంతా కాళ్ళ మీద పోయినట్టే.

1870ల నుంచి మద్రాసులోనూ కలకత్తాలోనూ యంత్రాలతో ఐసు చేయడం మొదలైంది. కొన్నేళ్ళలో ఓడ ఐసు పనైపోయింది. కానీ అప్పటికీ ఐసు పెద్ద పట్నాల సరుకే. మా దక్షిణపు కరిసల్ సీమకు, అంటే నల్లరేగడి నేలకు, అది రావాలంటే కరెంటు రావాలి. 1932లో పైకారా, 1937లో మెట్టూరు, 1944లో పాపనాశం జలవిద్యుత్ కేంద్రాలు మొదలయ్యాయి. స్వాతంత్ర్యం తరువాత తీగలు చిన్న ఊళ్ళకు పాకాయి. తీగ వెనకాలే రైసు మిల్లు, దాని వెనకాలే ఐసు కంపెనీ. మా కోవిల్పట్టి వైపు అందరూ ఫ్యాక్టరీ అనరు, ఐసు కంపెనీ అనే అంటారు, లోపల నలుగురే పనివాళ్ళున్నా సరే.

చిన్నప్పుడు ఆ కంపెనీ లోపల చూసింది చెబుతాను. పెద్ద తొట్టిలో ఉప్పునీళ్ళు. అమ్మోనియా గొట్టాలు ఆ నీళ్ళను సున్నాకు చాలా కిందకు చల్లబరుస్తాయి. ఉప్పు ఉంది కాబట్టి ఆ నీళ్ళు మాత్రం గడ్డకట్టవు. వేళ్ళలాంటి గూళ్ళున్న రేకు అచ్చులలో రంగు, చక్కెర కలిపిన నీళ్ళు పోసి, పుల్లలు నిలబెట్టి, తొట్టిలో ముంచుతారు. గట్టిపడ్డాక అచ్చును మామూలు నీళ్ళలో ఒక్క క్షణం ముంచి లాగితే అన్నీ ఒకేసారి ఊడివస్తాయి. అమ్మోనియా ఘాటుకు కళ్ళు మండేవి. అయినా అక్కడి నుంచి కదలబుద్ధయ్యేది కాదు.

ఇక చక్రాల సంగతి. వీధుల వెంట ఐస్‌క్రీం అమ్మడం ఐరోపాలో పాతదే, లండనులో ఇటలీ నుంచి వచ్చినవాళ్ళు తోపుడుబళ్ళ మీద అమ్మేవారు. దాన్ని పెద్ద ఎత్తున మూడుచక్రాల సైకిలు మీదకు ఎక్కించింది వాల్స్ కంపెనీ, 1920లలో. ఆ కంపెనీ అసలు వ్యాపారం మాంసం. ఎండాకాలంలో ఆ అమ్మకాలు పడిపోతాయి, పనివాళ్ళను తీసేయాల్సి వస్తోంది. ఆ కొరత పూడ్చడానికి ఐస్‌క్రీం పట్టుకున్నారు. నన్ను ఆపి ఒకటి కొనుక్కో అనే అర్థం వచ్చే మాట బండి మీద రాసి వీధుల్లోకి పంపారు. కొనేవాడు అంగడికి రానక్కర్లేదు, అంగడే అతని గుమ్మం ముందుకు వస్తుంది. సైకిలు ఐసు వ్యాపారానికి ఇదే ప్రాణం.

మన దగ్గర రెండు చక్రాల సైకిలే ఆ పని చేసింది. 1949లో మద్రాసు పక్కన అంబత్తూరులో టి.ఐ. సైకిల్స్ కంపెనీ పెట్టారు. ఆ తరువాత హెర్క్యులిస్ సైకిలు మా వైపు పల్లెల్లో కూడా కనబడసాగింది. కొనలేనివాడికి అద్దె సైకిలు ఉండనే ఉంది, గంటకింత, రోజుకింత అని. వెనక క్యారియరు మీద చెక్కపెట్టె. లోపల రేకు, రేకుకూ చెక్కకూ నడుమ రంపపుపొట్టు. అడుగున పగలగొట్టిన ఐసు, దాని మీద కల్లుప్పు. ఐసూ ఉప్పూ సరైన పాళ్ళలో కలిస్తే సున్నాకు 21 డిగ్రీల కిందిదాకా దిగగలదు. ఆ కుర్రాళ్ళెవరూ ఈ లెక్క చదవలేదు, చేతి కొలతతోనే వచ్చేసేది.

దాని పేరు మీ మీ ఊళ్ళలో ఏమిటి? మేం కుచ్చి ఐసు అంటాం. కుచ్చి అంటే తమిళంలో పుల్ల. ఆంధ్రలో పుల్ల ఐసు అంటారు, ఐసుఫ్రూటు అని కూడా విన్నాను. అందులో పండు ఎక్కడుందో దేవుడికే తెలియాలి. మా దగ్గర కుచ్చి ఐసు, సేమియా ఐసు, పాలైసు అని మూడు మెట్లు. పాలైసు చేతిలో ఉంటే ఆ రోజు వాడు రాజు.

ఇప్పుడు చెప్పాల్సింది చెబుతాను. మా నాయన సైకిలు మీద ఐసు అమ్మేవాడు.

సంఘంలో ఇది ఎవరికీ తెలియదు. నేనే చెప్పలేదు. వానలు లేక చేను బీడుపడ్డాక, నాకు ఆరేడేళ్ళప్పుడు నాయన పెట్టె ఎత్తుకున్నాడు. పన్నెండేళ్ళకు పైగా అదే పని. పొద్దున్నే ఐసు కంపెనీ ముందు వరసలో నిలబడేవాడు. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీల గేట్లు, బడి, బస్టాండు, పత్తి ఏరే చేలు, ఇలా రోజుకొక దారి. పెట్టె మూత మీద చెక్కముక్కతో టకటకా కొట్టేవాడు. ఆ చప్పుడుకు పిల్లలు ఇళ్ళలోంచి ఉరికివచ్చేవారు.

ఆయన లెక్కల నోటు ఇంకా నా దగ్గరుంది. ఒక మామూలు రోజు ఇదిగో. 200 కుచ్చి ఐసులు, ఒక్కొక్కటి 5 పైసలు. అన్నీ అమ్మితే 10 రూపాయలు. అందులో కంపెనీకి 7 రూపాయల 50 పైసలు, సైకిలు అద్దె 75 పైసలు. మిగిలేది 1 రూపాయి 75 పైసలు. ఇది అన్నీ అమ్ముడుపోతేనే. 30 ఐసులు కరిగాయనుకోండి, చేతికొచ్చేది 8 రూపాయల 50 పైసలు. కంపెనీకీ అద్దెకూ 8 రూపాయల 25 పైసలు పోగా మిగిలేది పావలా. 35 కరిగితే సున్నా. 40 కరిగితే ఆ రోజంతా ఎండలో తొక్కినందుకు తానే ఎదురు ఇవ్వాలి.

ట్యూడరు దొర సరుకు నూటికి 44 కరిగింది, అయినా ధనవంతుడయ్యాడు. మా నాయన సరుకు నూటికి 18 కరిగితే ఆ రోజు ఇంట్లో పొయ్యి వెలగదు. తేడా తెలివిలో లేదు. ట్యూడరు కరిగినదాన్ని ధరలో కలుపుకోగలడు. నాయన కలపలేడు. పిల్లవాడి చేతిలో ఉన్నది 5 పైసల బిళ్ళ, 6 పైసలంటే వాడు వెనక్కి పోతాడు. కంపెనీ కరిగినది వెనక్కి తీసుకోదు. నడుమ ఉన్నవాడి మీదే మొత్తం పడుతుంది. రసీదు లేకుండానే ఆయన ప్రతి పొద్దునా ఓనర్స్ రిస్కు మీద సంతకం పెట్టి బయలుదేరేవాడు. ఇంకా విచిత్రం, సరుకుకు ఆయన ఓనరు కూడా కాడు.

ఒక ఏడు పంగుని తిరునాళ్ళ తేరు రోజు. జనం వస్తారని 400 ఐసులు అరువు మీద తీసుకున్నాడు. కంపెనీకి 15 రూపాయలు కట్టాలి. మధ్యాహ్నం మూడింటికి ఎక్కడి నుంచో వేసవి వాన. జనం చెల్లాచెదురు. వాన ఆగేసరికి గాలి చల్లబడింది, ఐసు అడిగేవాడు లేడు. ఎనభై దాకా అమ్మాడు, 4 రూపాయలు. మిగిలినవి మెత్తబడుతుంటే మండపంలో ఒదిగి నిలబడ్డ పిల్లలందరినీ పిలిచి పంచేశాడు. "నీళ్ళలో పొయ్యడం కన్నా నోట్లో పోస్తే పుణ్యం" అన్నాడట. మరునాడు అమ్మ కమ్మలు కుదువకు పోయాయి. కంపెనీవాళ్ళు ఒక్క పైసా తగ్గించలేదు. వాళ్ళనూ పూర్తిగా తప్పు పట్టను, వాళ్ళకూ కరెంటు బిల్లు ఉంటుంది. నేను చెప్పేది ఒకటే. ఆ రోజు వాన అందరి మీదా పడింది, నష్టం మాత్రం ఒక్కడి మీద పడింది.

ఇంకొకటి ఉంది. ఇది రాయడానికే నాకు రెండు వారాలు పట్టింది.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా ఒక రోజు మధ్యాహ్నం బెల్లుకు నాయన మా బడి గేటు దగ్గరకు వచ్చాడు. మామూలుగా ఆ వైపు రాడు. నేను స్నేహితులతో ఉన్నాను. వాళ్ళు పరుగెత్తి ఐసు కొన్నారు. నేను నాలుగడుగుల దూరంలో నిలబడి, ఎవరో తెలియనట్టు గోడ వైపు చూశాను. నాయన నన్ను చూశాడు. చూసి, ఆయనే ముందు తల తిప్పుకున్నాడు. నాకు ఇబ్బంది కలగకూడదని. ఒకడు "నువ్వు కొనవా?" అని అడిగితే "నాకు ఐసు పడదు, జలుబు" అన్నాను. సాయంత్రం ఇంట్లో ఆయన ఒక్క మాట కూడా అనలేదు. ఆ తరువాత ఆ గేటుకు మళ్ళీ రాలేదు. బడి గేటు అంటే రోజుకు నలభై యాభై ఐసులు పోయే చోటు. నా సిగ్గు ఖరీదు ఆయన కట్టాడు.

రైల్వే ఉద్యోగానికి దరఖాస్తులో తండ్రి వృత్తి అని ఒక గడి ఉండేది. అందులో వ్యవసాయం అని రాశాను. నా పెళ్ళప్పుడూ అదే చెప్పాం. మన సంఘం సభ్యుల పుస్తకంలో కూడా ఆయన పేరు పక్కన అదే ఉంది, నేను రాయించిందే. ఆ రోజు మీటింగులో వెనక నవ్వు వినబడినప్పుడు, మళ్ళీ ఆ బడి గోడ వైపే చూస్తూ కూర్చున్నానని ఇంటికి వచ్చాక తెలిసింది.

నవ్వినవాళ్ళ మీద నాకు కోపం లేదు. నేను యాభై ఏళ్ళు మౌనంగా నవ్వుతూనే ఉన్నాను కదా. కానీ పరువు మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి చెబుతాను. 1970లో తిరుత్తంగల్ వైపు నుంచి వచ్చిన ఆర్.జి. చంద్రమోగన్ అనే యువకుడు 13,000 రూపాయల పెట్టుబడితో చెన్నై రాయపురంలో అద్దెకు తీసుకున్న చిన్న చోట కుచ్చి ఐసు చేయడం మొదలుపెట్టాడు. తోపుడుబళ్ళ మీద వీధుల్లో అమ్మించాడు. అదే తరువాత అరుణ్ ఐస్‌క్రీమ్స్, ఇవాళ హట్సన్ అనే పెద్ద పాల కంపెనీ. మన కుర్రవాడు రేపు అంతటివాడవుతాడని నేను అనడం లేదు. కుచ్చి ఐసుతో మొదలుపెట్టిన వందమందిలో తొంభై తొమ్మిది మంది మా నాయనలాగే పెట్టెతోనే ముగించి ఉంటారు. కాకపోతే మొదటి మెట్టును చూసి నవ్వడానికి మనకు హక్కు లేదని మాత్రం అంటున్నాను.

సరే, ఈ రోజుల్లో ఇది నడుస్తుందా? కుర్రవాడి ఇంటికి పోయి రెండు గంటలు కూర్చుని అడిగాను. వాడు తెలివిగానే లెక్క వేశాడు. వాడు చెప్పినవీ నాకు తెలిసినవీ కలిపి రాస్తున్నాను.

ఐస్‌క్రీం కుచ్చి ఐసు కన్నా సున్నితం. దాన్ని సున్నాకు 18 డిగ్రీల కింద ఉంచాలి. ఐసూ ఉప్పూ చాలవు. ఇప్పుడు పెట్టె గోడలకు ఒకరకం ద్రవం నింపిన పలకలు పెడతారు. రాత్రంతా ఫ్రీజరులో అవి గడ్డకడితే పగలంతా పెట్టెను చల్లగా ఉంచుతాయి. పని పాతదే, ఐసు చేసిన పనే పలక చేస్తుంది. ఒకసారి కరిగిన ఐస్‌క్రీంను మళ్ళీ గడ్డకట్టించి అమ్మకూడదు. నోట్లో ఇసుకలా తగులుతుంది, పైగా కరిగి ఉన్న ఆ కాసేపట్లో క్రిములు పెరుగుతాయి. చలికి క్రిములు నిద్రపోతాయే గానీ చావవు. మా కాలంలో కాచని నీళ్ళతో చేసిన ఐసు తిని జ్వరం పడ్డ పిల్లలు ఉన్నారు. అది దాచనక్కర్లేదు. అందుకే ఎక్కడ తయారైన సరుకు అమ్ముతున్నాడన్నది మనం అడగాలి. పొట్లం మీద ఐస్‌క్రీం అని ఉంటే పాల కొవ్వుతో చేసింది, మామూలు రకంలో నూటికి 10 వంతులకు తగ్గకూడదు. వంటనూనె కొవ్వుతో చేస్తే ఫ్రోజెన్ డెజర్టు అని రాయాలి. కొనేవాడు అడిగితే ఏది ఏదో నిజం చెప్పమన్నాను.

కాగితాల సంగతి. ఆహారం అమ్మేవాడు చిన్నవాడైనా 2006 నాటి ఆహార భద్రత చట్టం కింద రిజిస్ట్రేషను చేయించుకోవాలి. వీధి వ్యాపారులకు 2014లో ప్రత్యేక చట్టం వచ్చింది. ఊరి వీధి వ్యాపారుల కమిటీ సర్టిఫికెట్టు ఇస్తే ఎవరు పడితే వాళ్ళు తరమలేరు. మా నాయన కాలంలో ఇలాంటి చట్టం లేదు, పోలీసు కర్ర కనబడితే సైకిలు తోసుకుని పరుగే. 2020లో కేంద్రం వీధి వ్యాపారులకు పూచీకత్తు లేకుండా అప్పు ఇచ్చే పథకం కూడా మొదలుపెట్టింది. కుర్రవాడికి ఇవేవీ సరిగా తెలియవు. దరఖాస్తులు నింపడమే ముప్పై ఏళ్ళకు పైగా నేను చేసిన పని. ఈ పని నాది.

ఇక సంఘం ముందు నా మనవి.

మొదటిది, అప్పు ఇవ్వండి, కానీ నెలనెలా ఒకే వాయిదా పెట్టకండి. ఐసు వ్యాపారానికి కాలం ఉంది. మాసి నుంచి ఆడి దాకా, అంటే ఫిబ్రవరి నుంచి జూలై దాకా వాయిదాలు కట్టించుకోండి. ఐప్పసి, కార్తిక నెలల వానల్లో, అంటే అక్టోబరు, నవంబరు, డిసెంబరులో ఒక్క పైసా అడగకండి. వానలో వాయిదా అడిగితే వాడు వడ్డీవాడి దగ్గరకే పోతాడు, మా అమ్మ కమ్మలు పోయిన దారే అది.

రెండోది, నోటులో ఒక గడి ఎక్కువ గీయిద్దాం. తీసుకున్నది, అమ్మినది, కరిగినది. మొదటి ఏడాది కరిగినదాంట్లో సగం సంఘం నిధి భరించాలి, 3,000 రూపాయలు మించకుండా. మిగతా సగం వాడిదే. అప్పుడే వాడూ జాగ్రత్తగా ఉంటాడు. ప్రతి ఆదివారం ఆ నోటు నేను చూస్తాను, తప్పుడు లెక్క రాస్తే పట్టుకోవడం పార్సలు గుమాస్తాకు ఎవరూ నేర్పనక్కర్లేదు.

3,000 రూపాయలు మనకు ఎంత? పోయిన ఏడు వార్షికోత్సవంలో పూలదండలకే అంతకన్నా ఎక్కువ అయింది. అయినా డబ్బు కాదు అసలు విషయం. దారిలో పోయే నష్టాన్ని నలుగురు పంచుకుంటే అది నష్టమే, ఒక్కడి మీదే వేస్తే అది వాడి సంసారం. సంఘం అని పేరు పెట్టుకున్నది పంచుకోవడానికే కదా. మన పెద్దలు ఈ పరాయి నేలకు వచ్చినప్పుడు వాళ్ళను చూసి కూడా ఎవరో ఒకరు నవ్వే ఉంటారు.

ఆదివారం మీటింగుకు నేను ముందుగా వస్తాను. సెక్రటరీగారూ, దయచేసి సభ్యుల పుస్తకం, ఒక పెన్ను తెచ్చిపెట్టండి. మా నాయన పేరు పక్కన వ్యవసాయం అన్న మాట కొట్టేసి, సైకిలు మీద ఐసు వ్యాపారం అని నా చేత్తో రాయాలి. అది అయ్యాక అర్జీ తీసుకోండి.

మీ ఇళ్ళలో కూడా పెట్టె మోసినవాళ్ళు, బండి తోసినవాళ్ళు ఉంటే కింద రాయండి. మీ ఊళ్ళో కుచ్చి ఐసును ఏమంటారో అది కూడా రాయండి. మైసూరువాళ్ళు, బరంపురంవాళ్ళు, షోలాపూరువాళ్ళు, యానాంవాళ్ళు అందరూ చెప్పాలి.